హ్యువాన్ పైనా, సెలరీ టాపా, కింగ్ బిల్లీనా? టాస్మానియా చెక్క కొనేముందు, మొక్క నాటేముందు

ఆస్ట్రేలియాలో దక్షిణాన ఉన్న టాస్మానియా దీవి చెక్కతో ఏదైనా చేయించుకోవాలనుకునేవాళ్ల నోట ముందుగా వచ్చే పేరు హ్యువాన్ పైన్. మెల్‌బోర్న్, సిడ్నీల్లో స్థిరపడ్డ మనవాళ్లు కూడా పూజామందిరానికో, భోజనాల బల్లకో, ఇండియా వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే కానుకకో దాన్నే అడుగుతారు. కానీ అలా అడిగేవాళ్లలో చాలామంది పనికి సరిగ్గా సరిపోయేది సెలరీ టాప్ పైన్. కొన్ని పనులకు కింగ్ బిల్లీ పైన్. హ్యువాన్ పైన్ మాత్రమే చేయగల పనులు కొన్నే ఉన్నాయి. అవేమిటో తెలిస్తే అనవసరంగా డబ్బు పోసి దాన్ని కొనే పని తప్పుతుంది. మొక్కగా పెంచుకోవాలంటే మాత్రం లెక్క తిరగబడుతుంది, అక్కడ హ్యువాన్‌కే మొదటి ఓటు.

మూడు చెట్లూ ఎలాంటివి

మూడింటి పేర్లలోనూ పైన్ ఉన్నా ఏదీ అసలు పైన్ కాదు. హ్యువాన్, సెలరీ టాప్ పోడోకార్ప్ కుటుంబానికి చెందినవి. కింగ్ బిల్లీ సైప్రస్ కుటుంబంది. మూడూ టాస్మానియాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగవు. చల్లగా, ఏడాది పొడవునా తడిగా ఉండే వర్షారణ్యాలు వీటి ఇల్లు.

హ్యువాన్ పైన్ దీవి పశ్చిమ, నైరుతి భాగాల్లో గోర్డన్, ఫ్రాంక్లిన్, కింగ్, పీమన్, హ్యువాన్ నదుల ఒడ్డున పెరుగుతుంది. దీని మాను ఏడాదికి సగటున ఒక మిల్లీమీటరు లావెక్కుతుంది. అంటే 30 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న దుంగ వెనుక దాదాపు 300 ఏళ్లున్నట్టు. రెండు వేల ఏళ్లు దాటిన చెట్లు ఉన్నాయి. మౌంట్ రీడ్ కొండ మీద ఉన్న ఒక గుంపులో చెట్లన్నీ జన్యుపరంగా ఒకే మగ చెట్టు. కొమ్మలు వంగి నేలకు తగిలి, అక్కడ వేళ్లూనుకుని, మళ్లీ చెట్లయి, అలా పది వేల ఏళ్లకు పైగా అదే చోట కొనసాగుతోంది. ఈ గుణాన్ని గుర్తుపెట్టుకోండి, మొక్కల దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

సెలరీ టాప్‌కు ఎదిగాక ఆకుల్లా కనిపించేవి ఆకులు కావు, చదునైన రెమ్మలు. అవి సెలరీ ఆకును పోలి ఉంటాయి, అందుకే ఆ పేరు. సముద్రమట్టం నుంచి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు వరకు విస్తారంగా కనిపిస్తుంది కనుక మూడింటిలో ఇదే ఎక్కువ దొరుకుతుంది. కింగ్ బిల్లీ కొండల చెట్టు, వెయ్యేళ్లకు పైగా బతుకుతుంది. దీనికి నిప్పే పెద్ద శత్రువు. ఒకసారి కాలిన తోపు మళ్లీ చిగురించదు, విత్తనాలు కూడా నేలలో ఎక్కువ కాలం నిలవవు. గత శతాబ్దంలోని కార్చిచ్చుల్లో అది పెరిగే చోట్లలో సుమారు మూడో వంతు పోయింది.

ఏది ఎందుకు దొరుకుతుంది, ఎందుకు దొరకదు

కొనుగోలు నిర్ణయంలో సగం ఇక్కడే తేలిపోతుంది. హ్యువాన్ పైన్ అడవుల్లో ఎక్కువ భాగం రక్షిత ప్రాంతాల్లో ఉంది, వాటిలో పెద్ద భాగం 1982లో ప్రపంచ వారసత్వ ప్రాంతమైంది. ఇప్పుడు అమ్మకానికి వచ్చేది పచ్చి చెట్టు కొట్టిన చెక్క కాదు. ఎప్పుడో పడిపోయి అడవి నేల మీద మిగిలిన దుంగలు, వరదకు నదిలోకి కొట్టుకొచ్చినవి, జలవిద్యుత్ కోసం గోర్డన్ లోయ మునిగే ముందు బయటికి తీసినవి, స్ట్రాన్ ఊరి దగ్గరి టీపూకానా పీఠభూమిలో పాతకాలపు కలపవాళ్లు వదిలేసిన మొదళ్లు, తలలు. కుళ్లదు కాబట్టి దశాబ్దాలు తడి నేల మీద పడి ఉన్నా లోపలి చేవ బాగానే ఉంటుంది. దానికి తగ్గట్టే కొనేవాడికి దక్కేది పొట్టి ముక్కలు, నెర్రెలు, బొరియలు, బూడిదరంగు మచ్చలు ఉన్న చెక్క. పొడుగ్గా, వెడల్పుగా, మచ్చలేకుండా ఉన్న పలక దొరికితే దాని ధర వేరే లోకంలో ఉంటుంది.

కింగ్ బిల్లీ కూడా చాలావరకు రక్షిత అడవుల్లోనే ఉంది. బయట దొరికేది ఎక్కువగా పాత నిల్వలు, పాత ఇళ్ల నుంచి విప్పిన కిటికీ చట్రాలు, పలకలు. సెలరీ టాప్ మాత్రం ప్రభుత్వ అడవుల నుంచి పరిమితంగా ఇప్పటికీ నరికి అమ్ముతారు. రెండు మూడు మీటర్ల పలకలు కావాలంటే మూడింటిలో ఆశ పెట్టుకోదగింది ఇదే.

హ్యువాన్ దగ్గర మాత్రమే ఉన్నది

ఆ చెక్కలోని నూనె. దానిలో ప్రధాన భాగం మిథైల్ యూజినాల్ అనే పదార్థం. మామిడి రైతులకు ఈ పేరు కొత్త కాదు. కాయను పాడుచేసే పండు ఈగల మగవాటిని పట్టడానికి తోటల్లో కట్టే ఎరబుట్టల్లో వాడేది ఇదే. చెక్కకు ఆ తియ్యటి ఘాటు వాసన ఇచ్చేదీ, కుళ్లును, సముద్రంలో కలపను తొలిచే పురుగును దూరంగా ఉంచేదీ కూడా ఈ నూనే.

1822 నుంచి 1833 వరకు టాస్మానియా పడమటి తీరాన మెక్వారీ హార్బర్‌లోని సేరా ఐలండ్‌లో బ్రిటిష్ ప్రభుత్వం నడిపిన ఖైదీల స్థావరంలో ఈ చెక్కతోనే ఓడలు, పడవలు కట్టించారు. పచ్చి దుంగ కూడా నీటిలో తేలుతుంది కాబట్టి నదిలోకి దొర్లించి, తేలుస్తూ రేవుకు చేర్చేవాళ్లు. అక్కడ కట్టిన చివరి ఓడ ఫ్రెడరిక్‌ను స్థావరం మూతపడ్డాక 1834లో ఖైదీలే ఎత్తుకుపోయి చిలీ దాకా నడిపారు. చెక్క నాణ్యతకు అంతకంటే గట్టి హామీపత్రం ఎవరూ రాసి ఇవ్వలేరు.

ఈ నూనెకు రెండో వైపు కూడా ఉంది. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మిథైల్ యూజినాల్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్న పదార్థాల వర్గంలో, అంటే 2ఏలో చేర్చింది. ఇంట్లో ఒక గిన్నె అలంకారంగా ఉంటే భయపడనక్కర్లేదు. కానీ ఈ చెక్కను రోజూ సాండ్‌పేపర్ పట్టేవాళ్లు, లేత్ మీద తిప్పేవాళ్లు సన్నని ధూళిని ఆపే మాస్కు, దుమ్ము లాగే యంత్రం లేకుండా పని చేయకూడదు. కూరగాయలు తరిగే పలకకు, పోపుల పెట్టెకు, పప్పుల డబ్బాకు ఈ చెక్క వద్దు. ఆరోగ్యం మాట అటుంచినా వాసన తిండికి పట్టేస్తుంది. ఉప్మా రవ్వకు హ్యువాన్ పరిమళం ఎవరికీ నచ్చదు.

పని వారీగా ఎంపిక

పడవ పని ముందు చెప్పాలి, ఎందుకంటే మూడూ పేరు తెచ్చుకున్నది అక్కడే. నీటిలోనే ఉండిపోయే పడవ పక్క పలకలకు హ్యువాన్‌ను మించింది లేదు. ఆవిరి పట్టి వంచితే విరగకుండా వంగుతుంది, మేకును పట్టి ఉంచుతుంది, పురుగు ముట్టదు. పని అయ్యాక ఒడ్డుకు లాగి ఆరబెట్టే చిన్న దోనెకు అంత రక్షణ అక్కర్లేదు. బరువు తగ్గడమే ముఖ్యమైతే కింగ్ బిల్లీ మంచిది. ఘనమీటరుకు సుమారు 400 కిలోలే తూగుతుంది. డెక్కు, అడుగు దూలం, తొక్కిడి పడే భాగాలకు సెలరీ టాప్. అది దాదాపు 650 కిలోలు, మూడింటిలో గట్టిది, బలమైనది. హ్యువాన్ వీటి మధ్యలో, 520 నుంచి 560 కిలోల వరకు. మేకులు, రివెట్లు ఏ చెక్కకైనా రాగివో కంచువో వాడాలి. ఉప్పునీటిలో ఇనుము తుప్పు పట్టి చుట్టూ చెక్కను నల్లబరుస్తుంది, మెల్లగా పట్టు వదిలేస్తుంది.

భోజనాల బల్ల విషయంలో చిన్న లెక్క వేసి చూడండి. పైపలక 1500 మిల్లీమీటర్ల పొడవు, 800 వెడల్పు, 30 మందం అనుకుంటే 0.036 ఘనమీటర్లు. కోత, చిత్రిక, మచ్చల తరుగు కలిపి కొనాల్సింది సుమారు 0.05 ఘనమీటర్లు. హ్యువాన్‌లో మచ్చలు, నెర్రెలు ఎక్కువ కాబట్టి ఇంకొంచెం ఎక్కువే పెట్టుకోవాలి. తయారైన పలక సెలరీ టాప్‌లో 23 కిలోలు, హ్యువాన్‌లో 19, కింగ్ బిల్లీలో 14 కిలోల చిల్లర. తేలిక బాగుంది కదా అని కింగ్ బిల్లీ పలక వేయించకండి. గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తన. స్టీలు గ్లాసు జారి పడితే ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది. హ్యువాన్ కూడా మెత్తటి చెక్కే. పిల్లలు హోంవర్కు చేసే బల్లకు సెలరీ టాప్ వేయించడమే వివేకం. పైగా అది ఆరేటప్పుడు తక్కువ కుంచించుకుపోయే చెక్క. మానులోని వయసు వలయాలకు అడ్డంగా ఒకటిన్నర శాతం, వలయాల వెంట మూడు శాతం దగ్గర. వెడల్పు పలకల అతుకులు విడిపోకపోవడానికి కారణం అదే.

పూజామందిరానికి హ్యువాన్ అడగడంలో అర్థం ఉంది. చెక్కకే పరిమళం ఉంది, రంగు పసుపు వన్నె, వయసుతో తేనెరంగుకు తిరుగుతుంది. కానీ మందిరం అంతా దానితో కట్టాల్సిన పని లేదు. స్తంభాలు, చట్రం, అరలు, మెట్లు సెలరీ టాప్‌తో కట్టించి, దేవుడి వెనుక పలక ఒక్కటి బర్డ్స్ ఐ గీతలున్న హ్యువాన్‌తో పెట్టిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. చుక్కలు చుక్కలుగా కంటిపాపల్లా కనిపించే ఆ నగిషీ గీతలు పొట్టి ముక్కల్లోనే ఎక్కువగా దొరుకుతాయి, ఆ వెనుక పలకకు అవే చాలు. దీపం పెట్టే మెట్టు మీద ఇత్తడి పళ్లెం వేయండి. నూనె చెక్కలోకి ఇంకితే ఆ నల్లమచ్చ చిత్రిక పట్టినా పోదు. దీపం పైన ఉండే పలకకు, జ్వాలకు మధ్య కనీసం రెండడుగుల ఖాళీ ఉండాలి, లేకపోతే మసి పేరుకుంటుంది. మొదట్లో కిటికీ తీసి ఉంచండి. వాసన మనకు బాగానే ఉన్నా ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లకు కొందరికి ఇబ్బందిగా ఉంటుంది.

కానుకలకు, లేత్ మీద తిప్పే కుంకుమ భరిణెలకు, గిన్నెలకు, పెన్నులకు హ్యువాన్ ఎంచుకోండి. ఈ ఒక్కచోట మారుమాట లేదు. కోత మిగులు ముక్కలు కిలోల లెక్కన దొరుకుతాయి. లేత్ మీద ఉలి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది, సాండింగ్ కూడా పెద్దగా అక్కర్లేదు.

పాత ఇంటి కిటికీలు బాగు చేయించేవాళ్లు ముందు విప్పి చూడండి. టాస్మానియాలోని హోబార్ట్, లాన్సెస్టన్‌లలోని పాత ఇళ్లలో అవి కింగ్ బిల్లీవి అయ్యే అవకాశం ఎక్కువ. అలాగైతే పారేయకుండా చివికిన భాగం మాత్రం కోసి, అదే రకం పాత చెక్క అతికించండి. కొత్తగా చేయించేవాటికి సెలరీ టాప్ చాలు. గిటార్ పైపలకకు కింగ్ బిల్లీ మంచి పేరున్న చెక్క, తేలిగ్గా ఉండి బాగా మోగుతుంది. బొబ్బిలి వీణలా పనసచెక్కతో కడుపు తొలిచే వాద్యానికి మాత్రం అది పనికిరాదు.

పలక చేతికొచ్చినప్పుడు ఏం చూడాలి

హ్యువాన్ అని అమ్మేది నిజంగా హ్యువానో కాదో తేల్చడానికి పైపై వాసన చాలదు, ఎందుకంటే ఆ నూనె సీసాల్లో కూడా అమ్ముతారు. ఒక మూల కొంచెం చిత్రిక పట్టించండి. లోపలి తాజా పొట్టు కూడా పైభాగమంత ఘాటుగా వాసన రావాలి. వలయాలు చాలా సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. పలక చివర ఒక సెంటీమీటరు వెడల్పులో గీతలు లెక్కపెట్టండి. నాలుగైదే కనిపిస్తే అది తోటలో వేగంగా పెరిగిన మరో చెట్టు, బహుశా మాక్రోకార్పా సైప్రస్. రంగు దగ్గరగా ఉంటుంది కాబట్టి అదే ఎక్కువ పొరపాటుకు దారి. అయితే మాక్రోకార్పా చవక. పసుపు రంగు ఒక్కటే కావాలనుకుంటే తెలిసే అదే కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. సెలరీ టాప్‌లో వలయాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, లేత పసుపు, వాసన తక్కువ. కింగ్ బిల్లీ గులాబీ నుంచి ఎర్రటి గోధుమరంగు, చేతికి తేలిగ్గా ఉంటుంది.

తేమ మీటరు తీసుకెళ్లండి. ఇంట్లో వాడే సామానుకు 10 నుంచి 12 శాతం ఉండాలి. నది నుంచి తీసిన దుంగ బయట పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. గాలికి ఆరబెట్టే పలకకు స్థూలంగా 25 మిల్లీమీటర్ల మందానికి ఒక ఏడాది లెక్క. 75 మిల్లీమీటర్ల దిమ్మ పోయినేడాది కోసింది అంటే అది ఇంకా పచ్చిదే. అలాంటి దిమ్మ కొంటే రెండు చివర్లకూ మైనం పూసి, మధ్య మధ్య కర్రముక్కలు పెట్టి, నీడలో గాలి తగిలేచోట పేర్చండి. చివర్లు మూయకపోతే అక్కడ ముందుగా ఆరి నెర్రెలిస్తుంది. కొన్నది మెల్‌బోర్న్‌లో అయినా హైదరాబాద్ ఇంట్లో పెట్టబోయేది అయితే పలకలను ఆ గదిలోనే రెండు మూడు వారాలు ఉంచి ఆ తర్వాతే అతికించాలి.

జిగురు, పాలిష్: ఎక్కడ పాడవుతుంది

హ్యువాన్ మీద చాలామంది చేతులు కాల్చుకునేది ఇక్కడే. నూనె ఉన్న చెక్క జిగురును నెట్టేస్తుంది. అతికించే రోజే, ఆ గంటలోనే ముఖాలను తాజాగా చిత్రిక పట్టాలి. తెల్లటి గుడ్డను అసిటోన్‌లో ముంచి తుడవాలి, గుడ్డకు పసుపు అంటడం ఆగేదాకా రెండు మూడుసార్లు. ఆరాక పది పదిహేను నిమిషాల్లో జిగురు పూసి బిగించాలి. మర్నాటికి వదిలేస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. తడి తగిలే వస్తువుకు ఎపాక్సీ, లోపలి సామానుకు మంచి తెల్లజిగురు చాలు. క్లాంపును మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకు పొడిబారుతుంది.

పాలిష్‌లోనూ ఇదే తంటా. నూనె ఆధారంగా ఉండే పాలియురిథేన్ నేరుగా పూస్తే వారం గడిచినా వేలికి అంటుకుంటూ ఉంటుంది. ముందు మైనం తీసిన లక్క పాలిష్ పల్చగా ఒక పూత వేసి ఆరనిచ్చి, దాని మీద ఏ పూతైనా వేయండి. మధ్యలో లక్క ఉంటే నూనె పైకి రాదు. అయితే వాసన కూడా లోపలే ఉండిపోతుంది. పరిమళం కోసమే కొన్నవాళ్లు పెట్టె లోపలి వైపు, మందిరం వెనుక పలక వెనుకవైపు ఏ పూతా లేకుండా వదిలేయాలి. కొన్నేళ్లకు వాసన తగ్గితే సన్నటి సాండ్‌పేపర్ తేలిగ్గా పట్టండి, కొత్త పొర బయటపడుతుంది.

సెలరీ టాప్‌తో ఈ బాధలు తక్కువ. దానికి ఉన్న చిక్కల్లా వలయంలోని గట్టి, మెత్తటి పొరల తేడా. యంత్రం మీద సాండింగ్ ఎక్కువ చేస్తే మెత్తటి పొర ముందు అరిగి పలక అలలుగా తయారవుతుంది. పదునైన చిత్రికతో ముగించి, చేతి దిమ్మతో చివరి సాండింగ్ చేయడం మేలు. కింగ్ బిల్లీకి మొద్దు ఉలి పనికిరాదు, నార నలిగి పీచులేస్తుంది. స్క్రూలకు ముందే రంధ్రం చేయాలి, అంచుకు దగ్గరగా అయితే తప్పనిసరిగా.

మొక్కగా పెంచాలంటే

చెక్క కోసం ఎవరూ వీటిని నాటరు. మునిమనవడి మునిమనవడికి కూడా ఒక పలక రాదు. అందానికి, కుండీలో ముచ్చటకు, చల్లటి ప్రాంతంలో తోటకు మాత్రమే. ఆ లెక్కన మూడింటిలో హ్యువాన్‌ది పైచేయి. వేలాడే సన్నటి రెమ్మలు చిన్నప్పటి నుంచే అందంగా ఉంటాయి, కొమ్మ ముక్క నుంచి వేళ్లు తేలిగ్గా వస్తాయి, కుండీలో ఏళ్లతరబడి ఉంటుంది. నేలకు తగిలిన కొమ్మ వేళ్లూనుకునే గుణం గురించి పైన చెప్పింది గుర్తుందిగా, తోటలోనూ అదే పని చేస్తుంది.

సెలరీ టాప్ విత్తనం మొండిది. కండపట్టిన తెల్లటి పొర తీసి నాటినా కొన్ని నెలలకు కొన్ని, మరుసటి ఏడాదికి కొన్ని మొలుస్తాయి. ట్రే ఖాళీగా ఉందని పారేయకండి. కొమ్మ ముక్కలకు కూడా చాలా నెమ్మదిగా వేళ్లు వస్తాయి. నర్సరీలో తయారు మొక్క కొనడమే సుఖం. కింగ్ బిల్లీ విత్తనం కొన్ని వారాలు ఫ్రిజ్‌లో తడి ఇసుకలో పెట్టి నాటితే మెరుగ్గా మొలుస్తుంది. కానీ దానికి చల్లదనం మరీ ఎక్కువ కావాలి. మెల్‌బోర్న్ దగ్గరి డాండెనాంగ్ కొండల్లో, సిడ్నీ దగ్గరి బ్లూ మౌంటెన్స్‌లో బతుకుతుంది, మెల్‌బోర్న్ పడమటి శివార్లలో వేసవి వడగాడ్పుకు మాడిపోతుంది. రక్షిత అడవి నుంచి అనుమతి లేకుండా రెమ్మ గానీ కాయ గానీ తెంపడం నేరం. నర్సరీ మొక్క నుంచే తీసుకోవాలి.

హ్యువాన్ కొమ్మ ముక్కలు తీయడానికి ఆస్ట్రేలియాలో ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఆ ఏడాది వచ్చిన రెమ్మ మొదలు కొంచెం గట్టిపడి, కొస పచ్చగా ఉండాలి. 8 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కను చిన్న మడమతో, అంటే పాత కొమ్మ తొక్క కొంచెం వచ్చేలా కిందికి లాగి తీయండి. కింది మూడో వంతు రెమ్మలు తుడిచేసి, 0.3 శాతం ఐబీఏ అనే హార్మోన్ ఉన్న, వేళ్లు రప్పించే పొడిలో ముంచి, కొబ్బరిపొట్టు, పెర్లైట్ సమపాళ్లలో కలిపిన మిశ్రమంలో గుచ్చండి. పైన పారదర్శకమైన మూత, కింద 20 డిగ్రీల వెచ్చదనం, నీడ. మూడు నెలల లోపు లాగి చూడొద్దు. ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యపోవద్దు. పచ్చగా ఉన్నంతవరకు అది బతికే ఉంది. ముక్కలు నల్లబడి మెత్తబడితే తడి ఎక్కువైనట్టు, మూత రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వాలి. కొసలు గోధుమరంగుకు తిరిగి పెళుసుగా ఉంటే గాలిలో తేమ చాలనట్టు.

పక్క కొమ్మ నుంచి తీసిన ముక్క కొన్నేళ్లు పక్కకే వాలుతూ పెరుగుతుంది. నిటారుగా కావాలంటే బలమైన ఒక రెమ్మను ఎంచి కర్రకు వదులుగా కట్టండి. ఈ చెట్లలో ఆడ, మగ సాధారణంగా వేరువేరు. ముక్క నుంచి వచ్చే మొక్క తల్లిచెట్టులాగే ఆడదో మగదో అవుతుంది కాబట్టి విత్తనం కావాలనుకునేవాళ్లు రెండు రకాలూ అడిగి తెచ్చుకోవాలి.

నేల కొంచెం పులుపుగా, పీహెచ్ 5 నుంచి 6 మధ్య, ఎప్పుడూ తడిగా ఉండాలి. సున్నం, కట్టెల బూడిద దగ్గరికి రానీయొద్దు. పెద్ద కుండీ ఒకేసారి వద్దు. 15 సెంటీమీటర్ల కుండీలో వేళ్లు నిండాక తర్వాతి సైజు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో లోపల ఉడికిపోతుంది, వేళ్లు చచ్చేది ముందుగా అక్కడే. కుండీని ఇంకో పెద్ద మట్టికుండీలో దించి మధ్య ఖాళీలో తడి ఇసుక పోస్తే చల్లగా ఉంటుంది. నెమ్మదిగా కరిగే ఎరువు వసంతంలో ఒకసారి, డబ్బా మీద రాసినదాంట్లో సగం. వేగంగా పెరగాలని ఎక్కువ వేస్తే రెమ్మల చివర్లు మాడతాయి. పొద్దుటి ఎండ మంచిది, మధ్యాహ్నం నీడ. 35 డిగ్రీలు దాటే రోజున పొద్దున్నే కుండీ నిండా నీళ్లు పోసి, దక్షిణం వైపు నీడలోకి జరపండి. ఆస్ట్రేలియాలో నీడ దక్షిణానే. ఒకసారి వేళ్లు పూర్తిగా ఎండితే మొక్క వెంటనే చెప్పదు. రెండు మూడు వారాల తర్వాత లోపలి వైపు నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు.

బ్రిటన్‌లో ఉండేవాళ్లకు పడమటి తీరం, స్కాట్లాండ్ పశ్చిమ భాగం, ఐర్లండ్ అనువైనవి. అక్కడి పాత తోటల్లో టాస్మానియా శంకుధారులు, అంటే ఈ తరహా చెట్లు, పెరుగుతున్నాయి కూడా. అమెరికాలో సియాటిల్ ప్రాంతం వాతావరణం దగ్గరగా ఉంటుంది, కానీ అక్కడ వేసవిలో వాన ఉండదు కాబట్టి నీటి బాధ్యత మీదే. డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ప్రయత్నించి డబ్బు పోగొట్టుకోవద్దు.

హైదరాబాద్, విజయవాడల్లో హ్యువాన్ బతకదు. నీళ్లు ఎన్ని పోసినా రాత్రి చల్లబడని వేసవి దాన్ని చంపేస్తుంది. పైగా ఇండియాకు మొక్కగానీ విత్తనంగానీ తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కింద ముందస్తు దిగుమతి అనుమతి, ఆస్ట్రేలియా ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ కావాలి. సూట్‌కేసులో పెట్టుకొచ్చే వస్తువు కాదు. హ్యువాన్ ఉన్న పోడోకార్ప్ కుటుంబపు చెట్టే ఒకటి పెంచాలని సరదా ఉంటే పశ్చిమ కనుమల వర్షారణ్యాల్లో సహజంగా పెరిగే నేజియా వాలిచియానా ఉంది. వెడల్పాటి, మెరిసే ఆకులతో చూడ్డానికి శంకుధారిలా అనిపించదు. మన ఎండలో దానికి కూడా మధ్యాహ్నపు నీడ, ఆరిపోని నేల కావాలి. నాటిన మొదటి రెండు వేసవులూ షేడ్‌నెట్ కింద ఉంచండి.